హెచ్1బీ మీద ఉన్నవాళ్లు సిటీ కౌన్సిల్‌లో మాట్లాడొచ్చా? పోలీసుల మీద వేసిన కమిషన్ నిజంగా ఏం చేయగలదు?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇది. కాలిఫోర్నియాలో ఒక మధ్యస్థాయి నగరంలో ఉంటున్నారు, హెచ్1బీ మీద. వచ్చే మంగళవారం సిటీ కౌన్సిల్ ఎజెండాలో రెండు అంశాలున్నాయి. కార్ల నంబర్ ప్లేట్లు చదివే కెమెరాల కాంట్రాక్టు పొడిగింపు ఒకటి, కమ్యూనిటీ సేఫ్టీ కమిషన్ వార్షిక నివేదిక రెండోది. ఓటు లేని మీరు వెళ్లి మాట్లాడొచ్చా, మాట్లాడితే ఏమైనా ఒరుగుతుందా, అసలు ఆ కమిషన్‌కి పోలీసుల మీద ఏం అధికారం ఉంటుంది?

మాట్లాడొచ్చు. పౌరసత్వం ఊసే ఎవరూ ఎత్తరు. ఒరుగుతుందా అంటే, మైకు ముందు నిలబడే ఆ 3 నిమిషాల వల్ల ఒరిగేది కొంచెమే. దానికి ముందు మూడు నాలుగు రోజుల్లో మీరు చేసే పని వల్లే ఎక్కువ ఒరుగుతుంది. కమిషన్ సంగతి దాని పేరు చూసి చెప్పలేం. ఫైళ్లు చూడగలదా, సొంత లాయరు ఉన్నాడా, దాని సిఫార్సుకు ఎవరైనా జవాబు ఇచ్చి తీరాలా అన్నవి చూసి చెప్పాలి.

నేను మా నగరంలో పబ్లిక్ సేఫ్టీ సలహా కమిషన్‌లో 6 ఏళ్లు కూర్చున్నాను. అంతకు ముందు కొన్నేళ్లు ప్రేక్షకుల కుర్చీల్లో. లాయర్ని కాను. కింద రాసేదంతా కాలిఫోర్నియాకే వర్తిస్తుంది. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్లు ఇందులో సెక్షన్లు వదిలేసి పద్ధతి మాత్రం తీసుకోండి.

ముందు ఎజెండా చదవడం నేర్చుకోండి

ఇక్కడ సిటీ కౌన్సిళ్లు, వాటి కింద కమిషన్లు బ్రౌన్ యాక్ట్ ప్రకారం నడుస్తాయి. 1953 నాటి చట్టం అది. మామూలు మీటింగ్ అయితే 72 గంటల ముందు ఎజెండా జనానికి కనపడేలా పెట్టాలి. స్పెషల్ మీటింగ్ అయితే 24 గంటలు చాలు. మంగళవారం రాత్రి 7కి మీటింగ్ అంటే శనివారం రాత్రి 7 లోపు ఎజెండా బయటికి రావాలన్నమాట. చాలా నగరాలు గురువారమో శుక్రవారమో పెట్టేస్తాయి.

ఎజెండాలో కనపడే ఆ ఒక్క లైను చూసి ఏదీ తేల్చుకోవద్దు. ఒక్కో అంశం వర్ణన మామూలుగా 20 మాటలు దాటనక్కర్లేదని చట్టమే చెప్తుంది. ఆ 20 మాటల్లో మీ కెమెరాల సంగతి "ఒప్పంద సవరణకు ఆమోదం" అని మాత్రమే ఉండొచ్చు. అసలు కథ దాని వెనక ఉండే స్టాఫ్ రిపోర్టులో, ఇంకా అసలు కథ ఆ రిపోర్టు చివర తగిలించిన కాంట్రాక్టులో ఉంటుంది. నేను ఎప్పుడూ వెనక నుంచి చదువుతాను. ముందు కాంట్రాక్టు, తర్వాత ఖర్చు పేరా, ఆ తర్వాత "ప్రత్యామ్నాయాలు" అనే భాగం. సిబ్బంది ఆలోచించి పక్కన పెట్టిన దారులు అందులో ఉంటాయి. కౌన్సిల్ సభ్యుడికి మీరు కొత్త ఆలోచన చెప్పడం కష్టం. రిపోర్టులో ఉన్న రెండో ప్రత్యామ్నాయాన్నే ఎంచుకోమని అడగడం చాలా తేలిక.

ఒక వాక్యం మాత్రం తప్పకుండా వెతకండి. "మరో రెండేళ్లు పొడిగించే అధికారం సిటీ మేనేజర్‌కు ఇవ్వడమైనది" లాంటిది. (సిటీ మేనేజర్ అంటే నగర పాలన నడపడానికి కౌన్సిల్ పెట్టుకునే పెద్ద ఉద్యోగి.) అది ఉందంటే ఈ విషయం మళ్లీ కౌన్సిల్ ముందుకు రాదు. ఈసారి నోరు మెదపకపోతే రెండేళ్ల తర్వాత మెదపడానికి మీటింగే ఉండదు.

ఇప్పుడు కన్సెంట్ క్యాలెండర్ గురించి. కొత్తవాళ్లు పడే గొయ్యి ఇదే, నేనూ పడ్డాను. వివాదం లేదనుకున్న అంశాలన్నిటినీ ఒక మూటగా కట్టి ఒకే తీర్మానం, ఒకే ఓటుతో ఆమోదిస్తారు. పదిహేను అంశాలు ఒక్క నిమిషంలో అయిపోతాయి. నేను మొదటిసారి వెళ్లింది స్కూల్ దగ్గర రోడ్డు దాటించే గార్డుల కాంట్రాక్టు గురించి. రెండు పేజీలు రాసుకుని, ఇంట్లో గడియారం పెట్టుకుని సాధన చేసి మరీ వెళ్లాను. స్పీకర్ కార్డు (మాట్లాడతానని ముందే రాసిచ్చే చీటీ) మీద అంశం నంబరు వెయ్యకుండా "సాధారణ ప్రజాభిప్రాయం" అని రాసిచ్చాను. మా దగ్గర ఆ ఘట్టం మీటింగ్ చివర్లో. రాత్రి పదిన్నరకి నా పేరు పిలిచారు. రెండో వాక్యంలో ఉండగా మేయర్ గారు చాలా మర్యాదగా, "ఆ అంశం ఏడుంబావుకే ఆమోదం పొందిందండీ, మీరు మాట్లాడవచ్చు, వింటాం" అన్నారు. విన్నారు కూడా. పెళ్లయ్యాక ముహూర్తం బాలేదని చెప్పినట్టయింది నా పని.

అందుకని మీ కెమెరాల అంశం కన్సెంట్‌లో ఉందేమో ముందు చూడండి. ఉంటే రెండు దారులు. కన్సెంట్ మీద ఓటు వేసేలోపు జనానికి మాట్లాడే అవకాశం ఇచ్చి తీరాలి, ఆ అంశం నంబరు వేసి కార్డు ఇవ్వండి. ఇంతకంటే మంచిది, సోమవారం మధ్యాహ్నం లోపు మీ డిస్ట్రిక్ట్ (మన వార్డు లాంటిది) సభ్యుడికి రాసి, ఆ అంశాన్ని మూటలోంచి బయటికి తీసి విడిగా చర్చించమని అడగడం. కొన్ని నగరాల్లో ప్రేక్షకులే అడగొచ్చు, చాలాచోట్ల సభ్యుడే అడగాలి. ఏ పద్ధతో సిటీ క్లర్క్‌కి ఫోన్ చేస్తే చెప్తారు. సిటీ క్లర్క్ ఆఫీసంత ఓపికున్న చోటు సిటీ హాల్లో ఇంకోటి లేదని నా అనుభవం.

కౌన్సిల్ చేతిలో ఏముంది, ఏం లేదు

కాలిఫోర్నియాలో ఎక్కువ నగరాలు కౌన్సిల్-మేనేజర్ పద్ధతిలో నడుస్తాయి. కౌన్సిల్ సిటీ మేనేజర్‌ని పెట్టుకుంటుంది. మేనేజర్ పోలీసు చీఫ్‌ని పెట్టుకుంటారు. చీఫ్ కింద మిగతావాళ్లు. కౌన్సిల్ సభ్యుడు నేరుగా చీఫ్‌కి ఫోన్ చేసి "ఫలానా వీధిలో రెండు బళ్లు తిప్పండి" అని ఆజ్ఞాపించకూడదు. మనవాళ్లకి ఇది మింగుడుపడదు. ఊళ్లో కౌన్సిలర్ని పట్టుకుంటే ఎస్సైకి ఫోన్ చేస్తాడని అలవాటు కదా. ఇక్కడ ఆ ఫోన్ చేస్తే ఆ సభ్యుడి మెడకే చుట్టుకుంటుంది.

కౌన్సిల్ చేతిలో నిజంగా ఉన్నవి డబ్బు, ఆర్డినెన్సులు (ఇక్కడ ఆ మాటకి నగరం చేసుకునే స్థానిక చట్టాలని అర్థం), విధానాలు, కమిషన్ల నియామకాలు. సిటీ మేనేజర్ ఉద్యోగం కూడా. మీరు అడిగేది వీటిలో ఒకదాని కిందికి వచ్చేలా అడగాలి. "పోలీసులు సరిగ్గా పనిచెయ్యట్లేదు" అంటే అందరూ తలూపుతారు, అక్కడితో సరి. "ఈ కాంట్రాక్టు ఆమోదానికి ముందు ఫలానా షరతు చేర్చండి" అంటే ఎవరో ఒకరు పెన్ను తీస్తారు.

ఇంకో సంగతి. ఎజెండాలో లేని విషయం గురించి మీరు మాట్లాడొచ్చు గానీ, వాళ్లు చర్చించకూడదు. రెండు ముక్కల్లో జవాబివ్వొచ్చు, ఒక ప్రశ్న వెయ్యొచ్చు, సిబ్బందికి అప్పగించొచ్చు, ముందు ముందు ఎజెండాలో పెట్టమనొచ్చు. అంతే. మీరు గుండె చించుకుని చెప్తుంటే ఏడుగురూ రాయిలా కూర్చున్నారని బాధపడకండి. అది చట్టం కూర్చోబెట్టిన తీరు. ఒక అధికారి పేరు పెట్టి ఫిర్యాదు చేసినా అదే మౌనం వస్తుంది. దాని దారి వేరు, కింద చెప్తాను.

కెమెరాల దగ్గర "వద్దు" కంటే "ఇన్ని రోజులు" బలమైన మాట

2016 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఎస్‌బీ 34 చట్టం (ఎస్‌బీ అంటే రాష్ట్ర సెనేట్ బిల్లు, ఏబీ అంటే అసెంబ్లీ బిల్లు) ప్రకారం ఈ కెమెరాలు వాడే సంస్థకి రాతపూర్వకమైన వాడకం, గోప్యత విధానం ఉండాలి. పెట్టే ముందు మామూలు కౌన్సిల్ మీటింగ్‌లో ప్రజల మాట వినాలి. ఆ సమాచారాన్ని అమ్మకూడదు, మరో ప్రభుత్వ సంస్థకి తప్ప ఇవ్వకూడదు. ఆ చట్టం దృష్టిలో ప్రభుత్వ సంస్థ అంటే ఈ రాష్ట్రానికి, ఇక్కడి కౌంటీలకు, నగరాలకు చెందినవే. వేరే రాష్ట్రాలకు, ఫెడరల్ ఏజెన్సీలకు ఇవ్వడం కుదరదని రాష్ట్ర అటార్నీ జనరల్ 2023లో పోలీసు శాఖలకు గుర్తు చేశారు కూడా.

కాగితం మీద ఉన్నదంతా జరుగుతుందనుకోకండి. 2020 ఫిబ్రవరిలో రాష్ట్ర ఆడిటర్ నాలుగు శాఖల్ని పరిశీలించారు: లాస్ ఏంజెలెస్ పోలీసు, ఫ్రెస్నో పోలీసు, మరిన్, శాక్రమెంటో కౌంటీల షెరిఫ్‌లు. ఏ శాఖ విధానమూ చట్టం అడిగినట్టు పూర్తిగా లేదు. లాస్ ఏంజెలెస్ దగ్గర పోగుపడ్డ 32 కోట్ల బొమ్మల్లో 99.9 శాతం, తీసిన క్షణానికి ఏ అనుమానిత జాబితాలోనూ లేని కార్లవి. నేను ఈ అంకెను మా కమిషన్‌లో చదివినప్పుడు మా చీఫ్ గారు కూడా పక్కకి తిరిగి "మన దగ్గర ఎంత?" అని తన లెఫ్టినెంట్‌ని అడిగారు.

మీ మంగళవారానికి పనికొచ్చే ముక్క ఇది. సమాచారం ఎన్నాళ్లు దాచాలో హైవే పెట్రోల్‌కి, అంటే రాష్ట్ర రహదారి పోలీసులకి, చట్టంలోనే హద్దు ఉంది, 60 రోజులు. నగర పోలీసులకి అలాంటి హద్దు ఆ ఎస్‌బీ 34లో లేదు, విధానంలో వాళ్లే రాసుకుంటారు. అందుకే ఒక ఊళ్లో 30 రోజులు, పక్క ఊళ్లో ఏడాది. న్యూ హాంప్‌షైర్‌లో అయితే అనుమానిత జాబితాతో సరిపోలని ప్లేటు వివరాలు 3 నిమిషాల్లో చెరిపెయ్యాలి. మీకు మైకు దగ్గర ఇచ్చే సమయం అంత.

మా నగరంలో మొదటిసారి ఈ అంశం వచ్చినప్పుడు మా మిత్రబృందం అంతా "కెమెరాలే వద్దు" అని మాట్లాడారు. ఇరవై మంది దాకా. ఇంకోవైపు దొంగతనాలు జరిగిన ఇళ్లవాళ్లు వచ్చి "కావాలి" అన్నారు, వాళ్ల బాధా అబద్ధం కాదు. కౌన్సిల్ సుళువుగా "కావాలి" అన్నవాళ్ల పక్కకి ఒరిగింది. పొడిగింపు వచ్చినప్పుడు నలుగురమే వెళ్లాం. కెమెరాల గురించి మంచీ చెడూ ఏమీ అనలేదు. మూడే అడిగాం: దాచే గడువు 30 రోజులు, ప్రతి వెతుకులాటకీ కేసు నంబరు తప్పనిసరి, మూడు నెలలకోసారి ఎవరు ఎన్నిసార్లు వెతికారో, ఏ బయటి సంస్థకి ఇచ్చారో కమిషన్‌కి లెక్క. ముందు రోజు ఆ మూడు వాక్యాలూ తీర్మానంలో అతికించడానికి వీలయ్యే భాషలో రాసి సభ్యులందరికీ పంపాం. రెండు ఒప్పుకున్నారు. కేసు నంబరు షరతు మాత్రం "సాధ్యమైనంత వరకు" అన్న తోకతో వచ్చింది. ఆ తోక పీకడానికి ఇంకో ఏడాది పట్టింది, అది వేరే కథ.

డ్రోన్లు, సాయుధ వాహనాల్లాంటివి మీ ఎజెండాలో కనిపిస్తే దానికి వేరే చట్టం ఉంది, ఏబీ 481, 2022 నుంచి. వాడకం విధానాన్ని కౌన్సిల్ ఆర్డినెన్సుగా ఆమోదించాలి, విచారణకు 30 రోజుల ముందే దాన్ని వెబ్‌సైట్లో పెట్టాలి, ఏటా నివేదిక ఇచ్చి జనంతో మీటింగ్ పెట్టాలి. ఆ ఏడాది మీటింగ్‌కి ఎవరూ రారు. మా దగ్గర ఒకసారి ఇద్దరం పౌరులం, ఆరుగురు పోలీసులు. గంటన్నరలో నేర్చుకున్నది మూడేళ్ల కౌన్సిల్ మీటింగుల్లో నేర్చుకోలేదు.

ఇక కమిషన్ సంగతి

"ఓవర్‌సైట్" అన్న మాట బోర్డు మీద ఎక్కడైనా ఉండొచ్చు. లోపల రకాలు వేరు. కొన్ని తామే ఫిర్యాదు దర్యాప్తు చేస్తాయి. కొన్ని పోలీసుల అంతర్గత దర్యాప్తు పూర్తయ్యాక ఆ ఫైలు తిరగేసి బాగుందో లేదో చెప్తాయి. కొన్నిచోట్ల కమిటీ కాకుండా ఒక ఆడిటర్ ఉంటారు, శాన్ హోసేలో 1993 నుంచి ఉన్నట్టు. బర్క్‌లీలో 1973లోనే ఓటర్లు పోలీసు రివ్యూ కమిషన్ తెచ్చుకున్నారు. ఓక్లాండ్‌లో 2016లో మెజర్ ఎల్‌ఎల్ (ఓటర్లు నేరుగా ఓటేసి ఆమోదించిన ప్రతిపాదన) ద్వారా వచ్చిన కమిషన్‌కి చాలా నగరాల్లో లేని బలం ఉంది. వీటన్నిటికీ దూరంగా, మా ఊళ్లోలాగా, "సలహా" అన్న మాట పేరులోనే తగిలించుకున్న కమిషన్లు బోలెడు. మీది నాలుగో రకమని మీ ప్రశ్న చూస్తేనే నాకు అనుమానం.

ఎలా తెలుసుకోవాలి? కమిషన్‌ని పుట్టించిన ఆర్డినెన్సు మునిసిపల్ కోడ్‌లో ఉంటుంది, పేజీన్నర మించదు. దాన్ని తెరిచి నేను పైన అన్న మూడూ వెతకండి.

ఫైళ్లు: కాలిఫోర్నియాలో పోలీసుల వ్యక్తిగత రికార్డులు చాలాకాలం ఉక్కుపెట్టెలో ఉండేవి. 2006లో రాష్ట్ర సుప్రీంకోర్టు కోప్లీ ప్రెస్ కేసులో ఇచ్చిన తీర్పుతో, అంతకుముందు బహిరంగంగా జరిగే విచారణలు కూడా చాలాచోట్ల తలుపులు మూసుకున్నాయి. 2019లో ఎస్‌బీ 1421 వచ్చాక కాల్పులు, తీవ్ర గాయాలు, రుజువైన లైంగిక దాడి, రుజువైన అబద్ధపు సాక్ష్యం లాంటి కొన్ని రకాల రికార్డులు జనం అడిగితే ఇవ్వాల్సి వచ్చింది. మిగతావి ఇప్పటికీ గోప్యమే. కమిషన్‌కి ఆర్డినెన్సు ద్వారా అధికారం ఇవ్వకపోతే, వాళ్లకి తెలిసేది పేపర్లో మీకు తెలిసినంతే.

లాయరు: సిటీ అటార్నీయే పోలీసు శాఖకీ సలహాదారు, కమిషన్‌కీ సలహాదారు అయితే ఎక్కడో ఒకచోట ఇరుకున పడతారు. మా సిటీ అటార్నీ నిజాయితీపరుడు. అయినా రెండుసార్లు "ఈ ప్రశ్నకి నేను మీకు జవాబివ్వకపోవడమే మంచిది" అనాల్సి వచ్చింది.

జవాబు: దీని మీదే నా కోపమంతా. మేం ఏడాది కష్టపడి నివేదిక రాస్తాం. కౌన్సిల్ ఎజెండాలో దాని పక్కన "రిసీవ్ అండ్ ఫైల్" అని ఉంటుంది. స్వీకరించి దాఖలు చెయ్యడమన్నమాట. మన భాషలో దానికి ఇంకా మంచి మాట ఉంది, బుట్టదాఖలు. మొదటి ఏడాది మా 11 సిఫార్సులకీ చప్పట్లు కొట్టి ఫొటో తీశారు. ఒక్కదానికీ జవాబు రాలేదు. మూడో ఏడాది ఒక సభ్యురాలితో మాట్లాడి తీర్మానం మాట మార్పించాం: "స్వీకరించి, ప్రతి సిఫార్సుకూ 60 రోజుల్లో రాతపూర్వకంగా స్పందించమని సిటీ మేనేజర్‌ను ఆదేశించడమైనది." ఆ ఏడాది సగం సిఫార్సులకి "కుదరదు, ఎందుకంటే" అని వచ్చింది. ఆ "ఎందుకంటే" చేతికొచ్చాకే మాకు పని మొదలైంది. మీ రెండో అంశంలో మీరు అడగాల్సింది ఇంతకంటే ఏమీ లేదు.

ఇక ఫలానా అధికారి మీతో దురుసుగా ప్రవర్తించాడు, మీ కేసు పట్టించుకోలేదు అనుకోండి. దానికి మైకు దారి కాదు. ప్రతి పోలీసు శాఖా ఫిర్యాదు పద్ధతి పెట్టి తీరాలి, పీనల్ కోడ్ 832.5. రాతలో ఇవ్వండి, కాపీ ఉంచుకోండి. తేలాక 30 రోజుల్లో ఫలితం మీకు రాసి చెప్పాలి. ఆ ఉత్తరం రెండు లైన్లే ఉంటుంది. అందులో "నాట్ సస్టెయిన్డ్" అని ఉంటే మీరు అబద్ధం చెప్పారని కాదు, అటూ ఇటూ తేల్చడానికి ఆధారం చాల్లేదని. తప్పు జరగలేదని తేలితే "అన్‌ఫౌండెడ్" అనో "ఎగ్జోనరేటెడ్" అనో వస్తుంది. ఆలస్యం చెయ్యకండి. శాఖకి విషయం తెలిసిన ఏడాదిలోపు దర్యాప్తు ముగించి నోటీసు ఇవ్వకపోతే, కొన్ని మినహాయింపులు తప్ప, ఆ అధికారి మీద క్రమశిక్షణ చర్య తీసుకోవడం కుదరదు.

వీసా, పేరు, అడ్రసు

మీటింగ్‌కి రావడానికి పేరు నమోదు చేసుకోవాలన్న షరతు పెట్టకూడదు. స్పీకర్ కార్డు మీద అడ్రసు గడి ఉంటుంది. ఖాళీగా వదిలెయ్యండి, మహా అయితే ఏ ప్రాంతమో రాయండి. ఓటరా కాదా, వీసా ఏమిటి అన్న ప్రశ్నలకి అక్కడ చోటు లేదు. మీరే "నేను హెచ్1బీ మీద ఉన్నాను" అని మొదలుపెట్టకండి, అనవసరం. "ఈ వీధిలో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను, మా పిల్ల ఈ స్కూల్లో చదువుతుంది" చాలు.

మీ మాట వీడియోలో ఉండిపోతుంది. దానికి జంకేవాళ్లు ఈమెయిల్ పంపుతారు, కానీ అదీ పబ్లిక్ రికార్డే, ఫోన్ నంబరుతో సహా వెబ్‌సైట్లో కనిపించిన సందర్భాలు చూశాను. కింద సంతకంలో కంపెనీ పేరు, నంబరు తీసేసి పంపండి. ఆఫీసు మెయిల్ నుంచి మాత్రం వద్దు.

కమిషన్‌లో చేరొచ్చా అని కూడా కొందరు అడుగుతుంటారు. 2019లో వచ్చిన ఎస్‌బీ 225 ప్రకారం ఇలాంటి నియామక పదవులకి పౌరసత్వం అడ్డు కాదు, 18 ఏళ్లు నిండి రాష్ట్రంలో నివసిస్తే చాలు. నగరం తన సొంత నిబంధనలు ఏమైనా పెట్టిందేమో చూసుకోండి. కమిషన్ నెలకి ఎంతో కొంత గౌరవభత్యం ఇస్తుంటే, అది పుచ్చుకునే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్ని అడగండి. వందా రెండొందల డాలర్లకి వీసా మీదికి తెచ్చుకోవద్దు.

ఇంట్లో పెద్దవాళ్లని కూడా తీసుకెళ్లండి

మీరు అడగలేదు గానీ ఇది చెప్పకుండా ఉండలేను. దుబాసీ సాయంతో మాట్లాడేవాళ్లకి కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలి. మాట మాటకీ అప్పటికప్పుడే చెవిలో వినిపించే పరికరం ఉంటే తప్ప. గవర్నమెంట్ కోడ్ 54954.3లో ఉంది, 2016లో చేర్చారు. చాలామంది మేయర్లకి కూడా గుర్తుండదు.

మా కాలనీలో ఒక పెద్దావిడ, డెబ్బై దాటాయి. పగలు ఇంట్లో ఎవరూ లేనప్పుడు దొంగతనం జరిగి బంగారం పోయింది. పోలీసు శాఖ వార్షిక నివేదిక కౌన్సిల్‌కి వచ్చిన రాత్రి మనవణ్ని వెంటేసుకుని వచ్చారు. ఆవిడ తెలుగులో ఒక వాక్యం, వాడు ఇంగ్లిష్‌లో ఒక వాక్యం. మైకు బల్ల మీద మూడు రంగుల దీపం ఉంటుంది. పచ్చ పోయి పసుపు వచ్చింది, ఎరుపు వచ్చింది, టింగుమని మోగింది. ఆవిడ ఇంకా బీరువా దాకా రాలేదు. "థాంక్యూ" అన్నారు మేయర్. నేను సెక్షన్ నంబరు ఒక చీటీ మీద రాసి క్లర్క్ చేతిలో పెట్టాను. క్లర్క్ సిటీ అటార్నీ వైపు చూసింది, ఆయన తలూపాడు. దీపం మళ్లీ పచ్చగా వెలిగింది.

ఆవిడ దీపం వంక చూసి, మేయర్ వంక చూసి అన్నారు: "దొంగ ఒకసారి వచ్చి వెళ్లాడు. పోలీసాయన కూడా ఒకసారి వచ్చి వెళ్లాడు. ఇద్దరూ మళ్లీ కనపళ్లేదు బాబూ." వెనక వరసలో ఉన్న మా తెలుగువాళ్లం ముందు నవ్వాం. మనవడు ఇంగ్లిష్‌లో చెప్పాక హాలంతా నవ్వింది, చీఫ్ తప్ప. ఒక సభ్యుడు వెంటనే చీఫ్‌ని అడిగాడు: దొంగతనం జరిగిన ఇళ్లలో ఎన్నింటికి తిరిగి ఫోన్ చేశారు? ఆ లెక్క ఉంచట్లేదని చీఫ్ ఒప్పుకున్నారు. తర్వాతి ఏడాది నివేదికలో ఆ పట్టిక ఉంది. నా ఆరేళ్లలో నేను రాసిన ఏ మెమో ఆ పట్టికని తేలేదు.

ఒక జాగ్రత్త

సభ్యుల్ని విడివిడిగా కలవొచ్చు, కలవండి. కానీ ఒకరి దగ్గర విన్నది ఇంకొకరికి మొయ్యకండి. అయిదుగురి కౌన్సిల్‌లో ముగ్గురు మెజారిటీ. మీరు మూడో సభ్యుడి దగ్గరికి వెళ్లి "ఆ ఇద్దరూ సరేనన్నారు, మీరూ అంటే అయిపోతుంది" అన్నారనుకోండి, ముగ్గురూ తలుపు చాటున మీటింగ్ పెట్టుకున్నట్టే. మధ్యలో మోసినవాళ్లు మీరు. బ్రౌన్ యాక్ట్ దీన్ని నిషేధించింది. వాట్సాప్ గ్రూపులో ఇద్దరు ముగ్గురు సభ్యుల్ని చేర్చి చర్చ పెట్టడం ఇంకా ప్రమాదం. మా వాళ్లు ఒక పండగ గ్రూపులో ఈ పని చేస్తే, పాపం ఆ సభ్యులే ఒకరి తర్వాత ఒకరు గ్రూపు వదిలి పారిపోయారు.

ఒకవేళ ఎజెండాలో లేని అంశం మీద ఓటు వేశారనో, మాట్లాడనివ్వలేదనో అనిపిస్తే రాతపూర్వకంగా సరిదిద్దమని అడిగే హక్కు ఉంది. కానీ గడువు తక్కువ: బహిరంగ సభలో జరిగిన ఎజెండా ఉల్లంఘనకి 30 రోజులు, మిగతా వాటికి 90. నేను ఒక్కసారే వాడాను. ఉత్తరం చేరిన తర్వాతి మీటింగ్‌లోనే ఆ అంశాన్ని మళ్లీ పెట్టి మళ్లీ అదే ఓటు వేశారు. ఫలితం మారలేదు గానీ, ఆ తర్వాత ఎజెండా వర్ణనలు కొంచెం అర్థమయ్యేలా రాయడం మొదలుపెట్టారు.

మీ మంగళవారం లెక్క: శనివారం స్టాఫ్ రిపోర్టు వెనక నుంచి చదవండి. ఆదివారం రెండు అంశాలకీ చెరో ఈమెయిల్, ఒక్కోటి పది వాక్యాల లోపు, మీరు కోరే వాక్యం మొదటి లైనులోనే. సోమవారం మధ్యాహ్నం దాటాక వచ్చినవి సభ్యులు చదవడం అరుదు. మంగళవారం ఆరున్నరకే వెళ్లి రెండు కార్డులు, రెండు నంబర్లతో ఇవ్వండి. జనం ఎక్కువైతే మేయర్ 3 నిమిషాల్ని 2 చెయ్యొచ్చు, ఒక్కోసారి 1. కాబట్టి ఒక్క నిమిషంలో చెప్పగలిగే రూపం కూడా జేబులో ఉంచుకోండి. కెమెరాల రిపోర్టులో దాచే గడువు ఎన్ని రోజులని ఉందో ఇక్కడ కామెంట్‌లో పెడితే, ఆ మొదటి వాక్యం ఎలా రాయాలో నేను చెప్తాను.